పంటి పొరల్లో పదమూడో ఏడు

నూటయాభై ఏళ్ళ కిందటి ధాత కరువులో చచ్చిపోయిన ఒక చిన్నపిల్ల ఏ రోజు తిన్నదో, ఏ రోజు తినలేదో చౌడేశ్వరికి తెలుసు. ఆ పిల్ల పేరు తెలీదు. ఏ ఊరిదో తెలీదు. ఆదోని దారిలో కాలువ తవ్వుతుంటే ఒక గొయ్యి బయటపడింది. అందులో పెద్దవీ చిన్నవీ కలిపి ముప్పై పైచిలుకు పుర్రెలు. వాటిలో అన్నిటికన్నా చిన్నదాని దవడలోంచి తీసిన పన్ను అది.

"ఇక్కడ గంజి" అంది చౌడేశ్వరి, తెరమీద గీతను వేలితో చూపిస్తూ. "వారం రోజులు వరసగా ఉంది. తర్వాత లేదు. ఇక్కడ మళ్ళీ ఏదో దొరికింది, ఆకో దుంపో. ఆ తర్వాత పంతొమ్మిది రోజులు ఏమీ లేదు. ఇది ఆఖరి పొర."

ప్రొఫెసర్ ఇనాయతుల్లా కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. కరువుల చరిత్ర మీదా, కరువుల ఆర్థికశాస్త్రం మీదా ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి ఆయన. ఆనాటి గంజికేంద్రాల కాగితాలు ఆయనకు దాదాపు కంఠతా వచ్చు.

"ఆ వారం గంజికేంద్రంలో ఉండుంటారమ్మా. తర్వాత పని చెయ్యలేరని పంపించేసుంటారు. ఎంతమందికి గంజి పోశారో రాశారు గానీ, ఎవరికి పొయ్యలేదో ఎవరూ రాయలేదు." తెరవైపు చూపిస్తూ అన్నాడు: "ఈ పిల్ల రాసింది."

చెట్టు ఏడాదికొక వలయం వేసుకున్నట్టు, పన్ను తయారవుతున్నన్నాళ్ళూ రోజుకొక పొర వేసుకుంటుంది. ఆ సంగతి లోకానికి ఎప్పటినుంచో తెలుసు. ఒక్కొక్క పొరనీ విడిగా ఒలిచి, ఆ రోజున ఆ మనిషి నెత్తుటిలో ఏముందో చెప్పే యంత్రాన్ని మాత్రం చౌడేశ్వరే తయారుచేసింది. కర్నూలు పొలిమేరలోని ఆ పరిశోధనశాలలో దానికి పదకొండేళ్ళు పట్టింది. తెరమీద నాలుగు గీతలు వస్తాయి. తిండి, జ్వరం, ఇనుము, భయం. ఒలిచిన పొర వెలుగు తగలగానే ఆవిరైపోతుంది. చదవడం పూర్తయ్యేసరికి పన్ను ఉండదు. ఆమె దానికి పెద్ద పేరే పెట్టింది గానీ, అక్కడ పనిచేసేవాళ్ళందరూ పళ్ళమిషన్ అనే అనేవాళ్ళు.

ఆ పిల్ల సంగతి ఒక శాస్త్ర పత్రికకు రాసి పంపితే వాళ్ళ దగ్గర్నుంచి ఒకే ఒక ప్రశ్న వచ్చింది. చచ్చిపోయినవాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పరు కదా, మీ గీత నిజమేనని బతికున్న మనిషి ఎవరైనా చెప్పగలరా అని.

సరైన ప్రశ్నే. చౌడేశ్వరి ముందు తనదే ఒక పన్ను చదివింది, ఎప్పుడో పీకించుకుని దాచిపెట్టుకున్న దవడపన్ను. అందులో ఆమెకు మూడో ఏటినుంచీ ఏడో ఏటి దాకా రోజులున్నాయి. నాలుగో ఏట తిండిగీత నేలకు జారింది. ఆ ఏడు కరువని, మగ్గం ఆగిపోయిందని ఇంట్లో చెప్పుకోగా విన్నది. కొన్ని నెలల తర్వాత తిండి మళ్ళీ కనిపించింది, అదీ విడతలు విడతలుగా. మూడు నాలుగు రోజులు కడుపునిండా, తర్వాత తగ్గుతూ తగ్గుతూ ఖాళీ, మళ్ళీ కడుపునిండా. ఆమెకు అందులో ఒక్క రోజూ గుర్తులేదు. నాలుగేళ్ళ పిల్లకు ఏం గుర్తుంటుంది? అప్పటికి ఊహ తెలిసిన మనిషి పన్ను కావాలి.

ఆ వారమే అక్క రుద్రమ్మ పన్నునొప్పితో కర్నూలు వచ్చింది.

రుద్రమ్మ చౌడేశ్వరికన్నా తొమ్మిదేళ్ళు పెద్దది. ఆలూరులో బొరుగుల బట్టీ నడుపుతుంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. పుట్టిల్లు కోడుమూరే అయినా అక్కడికి వెళ్ళేది తక్కువ. వెళ్తే మేనత్త బీరువాకు తాళం వేసి, ఆ తాళంచెవి కొంగుకు ముడేసుకునేది. రుద్రమ్మకు పదమూడేళ్ళప్పుడు, నాయన శేషప్ప ఎవరికి చీరలు నేసేవాడో ఆ షావుకారి ఇంట్లో జరీ కండెలు పోయాయి. ఆ ఏడు శేషప్ప ఇంట్లోకి బియ్యం ఎక్కడినుంచి వస్తున్నాయో ఎవరికీ అంతుపట్టలేదు గనక, దొంగతనం రుద్రమ్మ మీద పడింది. నాయన మగ్గం తాడుతో కొట్టాడు. ఆ పిల్ల ఔననలేదు, కాదనలేదు. నెల తిరక్కుండా ఆలూరులో భార్య చచ్చిపోయినవాడికిచ్చి పంపించేశారు. జరీదొంగ అన్న పేరు మాత్రం కోడుమూరులో ఉండిపోయింది.

చౌడేశ్వరి కూడా ఆ పేరు వింటూనే పెరిగింది. కాలేజీలో చదివే రోజుల్లో, అక్క చూడ్డానికొస్తే, మంచం మీదున్న పర్సు తీసి దిండు కింద పెట్టింది. తలెత్తేసరికి రుద్రమ్మ అటే చూస్తోంది.

డాక్టరు జ్ఞానదంతం పీకి, దూదిలో చుట్టి ఇచ్చాడు.

"పారేయ్ దాన్ని" అంది రుద్రమ్మ, బుగ్గ పట్టుకుని.

చౌడేశ్వరి పారేస్తాననే అంది. చెత్తబుట్ట దాకా వెళ్ళింది కూడా. జ్ఞానదంతం అన్నిటికన్నా ఆలస్యంగా తయారయ్యే పన్ను. తొమ్మిదో ఏటినుంచి పదహారు పదిహేడు దాకా రోజులన్నీ అందులో ఉంటాయి. అక్కకు అవన్నీ గుర్తుంటాయి. అడిగితే సరేననే అంటుంది, నొప్పి తగ్గాక అడగొచ్చులే అనుకుంది. దూది ఉండను చేతిసంచిలో వేసుకుంది.

చదవడానికి ఆరు రోజులు పట్టింది. సీసా మీద పేరు రాయలేదు, అంకె వేసింది.

తొమ్మిది, పది, పదకొండో ఏళ్ళు మామూలుగా గడిచాయి. పన్నెండో ఏడు చివర తిండిగీత పడిపోయింది. అది కరువు. ఆ తర్వాత వచ్చినదాన్ని చూసి చౌడేశ్వరి యంత్రం చెడిందనుకుంది. ఇనుము గీత ఉన్నట్టుండి నిట్టనిలువునా కిందికి పడుతోంది. మెల్లగా లేస్తోంది, పూర్తిగా లేవకముందే మళ్ళీ పడుతోంది. ఇంత ఇనుము ఒక్కరోజులో పోవాలంటే నెత్తురు పోవాలి. నెలసరేమో అనుకుంది. కానీ ఇది పన్నెండు రోజులకొకసారి, ఒక్కరోజు కూడా తేడా లేకుండా, పద్దెనిమిది సార్లు. ఒంట్లో పుట్టిన ఏ రోగమూ అంత లెక్కగా రాదు. పడిన ప్రతిసారీ, దానికి ముందురోజు భయం గీత లేచింది. పడిన తర్వాత మూడు నాలుగు రోజులు కాస్త తిండి కనిపించింది. ఆ తిండి కూడా సరిపడా లేదు.

ఇనాయతుల్లాను పిలిచి చూపించింది. ఆయన గీతను చాలాసేపు చూశాడు.

"ఇది రంపంలా ఉంది కదమ్మా" అన్నాడు. "నాకు తెలుసు ఇదేందో. ఆ రోజుల్లో ఈ టౌన్లోనే ప్రైవేటు రక్తనిధులు ఉండేవి. కరువు పనులు దొరకనోళ్ళు, రిక్షావాళ్ళు నెత్తురు అమ్ముకోడానికి వరసగా నిలబడేవాళ్ళు. మూణ్ణెల్లకొకసారి ఇవ్వాల్సింది, పది పన్నెండు రోజులకే తీసేవాళ్ళు. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. పుస్తకాల్లో దొంగపేర్లు రాసుకునేవాళ్ళు. ముప్పై ఏళ్ళు వెతికాను నేను, ఒక్క మనిషి దొరకలేదు." ఆయన గొంతులో సంతోషం ఆపుకోలేక బయటికొచ్చింది. "ఎంత వయసు ఈ మనిషికి?"

"పదమూడు" అంది చౌడేశ్వరి.

ఆయన కళ్ళజోడు తీసేశాడు. తర్వాత మెల్లగా అడిగాడు: "బతికుందా?"

చౌడేశ్వరి తల ఊపింది. ఎవరని ఆయన అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆయన వెళ్ళాక రెండు పళ్ళ గీతల్నీ ఒకదాని కింద ఒకటి పెట్టింది. ఆ కరువులోనే అక్కచెల్లెళ్ళిద్దరికీ ఒకేసారి ఆటలమ్మ పోసిందని అమ్మ చెప్పేది. ఆ జ్వరం రెండు పళ్ళలోనూ ఉంది. జ్వరానికి జ్వరం కలిపితే మిగిలిన రోజులు వాటంతటవే కలిశాయి. అక్క నెత్తురు పడిపోయిన ప్రతి రోజుకూ మర్నాడు చెల్లెలి కడుపు నిండింది. పద్దెనిమిది సార్లూ అంతే. అక్క తిండిగీత ఎప్పుడూ చెల్లెలి గీతలో సగం కూడా దాటలేదు.

చౌడేశ్వరి తెర ఆపేసి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. పరిశోధనశాల ముందు మామూలుగా ఎండ కాస్తోంది. క్యాంటీన్‌లో ఎవరో ఉగ్గాని తింటున్నారు. ఆమె లేచి బస్టాండుకు బయల్దేరింది.

ఆలూరు వెళ్ళేసరికి బట్టీలో పని నడుస్తోంది. వేడి ఇసుకలో బియ్యం పోసి కలుపుతుంటే బొరుగులు పేలుతున్నాయి. రుద్రమ్మ జల్లెడ పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని వచ్చింది.

"ఏమే చిన్నమ్మీ, చెప్పకుండా వచ్చినావు? అమ్మకేమైనా అయిందా?"

"లేదక్కా. నీతో మాట్లాడాల."

లోపల గదిలో కూర్చున్నారు. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూనే వచ్చింది గానీ, తీరా కూర్చున్నాక ఒక్క మాటే వచ్చింది.

"కర్నూల్లో నెత్తురు ఇచ్చేదానివా అక్కా?"

రుద్రమ్మ ముఖంలో ఏ మార్పూ రాలేదు. చేతులు మాత్రం ఒళ్ళో ఒకదానిలో ఒకటి దూరిపోయాయి.

"ఎవురు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదు. నీ పన్ను..." చౌడేశ్వరి మొత్తం చెప్పింది. దూది ఉండ, చేతిసంచి, ఆరు రోజులు. రంపంలాంటి గీత. ఆటలమ్మ. చెప్తున్నంతసేపూ అక్క ముఖం చూడలేకపోయింది.

"పారేస్తానంటివి కదా" అంది రుద్రమ్మ.

"అడుగుదామనే అనుకున్నా అక్కా..."

"అడగలా." ఆమె గొంతు పెరగలేదు. "నలభై ఏండ్లు మీరంతా నన్ను దొంగ అంటిరి. ఆ జరీ నేను తియ్యలా. చేత్తో తాకను కూడా తాకలా. నా పన్ను మాత్రం నువ్వు తీసినావు. ఎవురే దొంగ?"

బయట బొరుగులు పేలుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఇటియ్యి దాన్ని. నా పన్ను నాకియ్యి."

"లేదక్కా. చదివితే ఇంక మిగలదు."

రుద్రమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. తర్వాత తనే చెప్పింది. నూలు తేవడానికని నాయన ఆమెను కర్నూలు బస్సెక్కించేవాడు. నూలు దొరికేది కాదు. బస్టాండు వెనక రక్తనిధి ముందు వరసలో నిలబడిన ఒక ముసలామె, ఏం పాపా ఆకలా అని అడిగి, లోపలికి తీసుకుపోయింది. పద్దెనిమిదేళ్ళని చెప్పమంది. చెప్పింది. వాళ్ళు ఆమె వైపు చూసి నవ్వి, రాసుకున్నారు. తీసినాక బియ్యానికి సరిపడా డబ్బులూ, ఒక అరటిపండూ ఇచ్చేవాళ్ళు. పండు తినకుండా చెల్లెలికి తెచ్చేది.

"సూదికి భయం లేదు నాకు" అంది రుద్రమ్మ. "ముందురోజు మాత్రం భయమయ్యేది. ఈసారి నెత్తురు పల్చగుంది, పో అంటారేమోనని. అంటే బియ్యం యాడనుంచి వస్తాయి?"

"మరి నాయన కొట్టినప్పుడన్నా చెప్పుంటే..."

"ఏమని? నెత్తురమ్మిన బియ్యమని తెలిస్తే తిన్నదంతా మీరు కక్కుకునేటోళ్ళు. నాయన అయితే ఆ బాధతో చచ్చిపోయేటోడు. దొంగ అంటే కొట్టి ఊరుకుంటాడు. దొంగ అనే మాటే నయం అనిపించింది నాకు, ఆ పొద్దు." ఆమె లేచింది. "అది నేను దాచిపెట్టుకున్నది. నాది అని ఉండేది అదొక్కటే. దాన్ని నువ్వు ఇంకొకరికి చూపించినావా?"

"ఇంకొకాయన చూశాడు. నీదని తెలీదు."

"ఇంక చూపించొద్దు. అమ్మకు అసలు చెప్పొద్దు. ఎనభై రెండేండ్లు దానికి. తెలిస్తే ముద్ద దిగదు. నా మీద ఒట్టు పెట్టు."

చౌడేశ్వరి ఒట్టు పెట్టింది. వెళ్ళేముందు అక్క కాళ్ళ మీద పడబోతే రుద్రమ్మ వెనక్కి జరిగింది.

"ఆ పని చెయ్యొద్దు. నువ్వు మొక్కితే అది నిజమైపోతాది" అని మళ్ళీ జల్లెడ దగ్గరికి వెళ్ళిపోయింది.

వారం తర్వాత చౌడేశ్వరి ఆ రికార్డును తుడిచేసింది. ఇనాయతుల్లా ఎదురుగానే ఆ పని చేసింది. ఆయన ఆపబోయి ఆగిపోయాడు.

"ఆ ఒక్కటే మన సాక్ష్యం కదమ్మా" అన్నాడు. "గీత నిజమేనని ఆమె అన్నదా?"

"అన్నది. రాయొద్దు అని కూడా అన్నది."

ఆయన ఖాళీ తెరవైపు చూస్తూ, "ముప్పై ఏళ్ళు ఈ మనిషి కోసమే వెతికాను" అన్నాడు. "నేను వెతుకుతానని ఆమెకు భయముంటుందని ఎప్పుడూ అనుకోలేదు."

సాక్ష్యం లేదని పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి పంపింది. కానీ యంత్రం గురించి అప్పటికే నలుగురికీ తెలిసిపోయింది. వేరే ఊళ్ళో వేరేవాళ్ళు అలాంటిదే కట్టారు, వాళ్ళకు సాక్ష్యాలు సులభంగానే దొరికాయి. ఒక దినపత్రిక చౌడేశ్వరి ఫోటో వేసి, పన్ను చూస్తే బాల్యం చెప్పే యంత్రం అని రాసింది. ఆ తర్వాత కవర్లు రావడం మొదలైంది. లోపల చిన్న చిన్న పొట్లాలు. మా ఆయన చిన్నప్పటి సంగతి ఏమీ చెప్పడు, చూసి చెప్పండి అని ఒకామె. పెళ్ళి కాబోయే పిల్లది, జబ్బులేమైనా ఉన్నాయా అని ఒకాయన. చౌడేశ్వరి ఏ పొట్లమూ విప్పకుండా వెనక్కి పంపేది. బతికున్నవాళ్ళ పళ్ళు ఆ మనిషే వచ్చి అడిగితే తప్ప చదవనని గోడమీద రాసిపెట్టింది. పైవాళ్ళకు అది నచ్చలేదు. ఆమెను ఆ పనినుంచి మెల్లగా తప్పించి ఇంకొకరిని పెట్టారు.

గీతను తుడిచేసింది గానీ, అది ఆమె కళ్ళలోంచి పోలేదు. ఇంటిపక్కన వడ్రంగి రంపం ఆడిస్తే లేచి కిటికీ వేసేది. అన్నం కంచంలో పెట్టుకోగానే ఇది ఎన్నో రోజు అని లోపల ఏదో లెక్కపెట్టేది. ఎప్పుడైనా మోచేతికి పట్టీ వేసుకున్న ఆడపిల్ల బస్సులో కనిపిస్తే, దిగేదాకా చూస్తూ ఉండిపోయేది.

ఎండాకాలం మొదట్లో అమ్మ తిప్పమ్మ స్నానాలగదిలో జారిపడింది. తుంటి విరిగింది. నాయనా, మేనత్తా అప్పటికే పోయారు, ఇంట్లో ఇంకెవరూ లేరు. రుద్రమ్మ బట్టీ మూసేసి కోడుమూరు వచ్చి, తల్లి మంచం దగ్గరే ఉండిపోయింది. ఆదివారం చౌడేశ్వరి వెళ్ళేసరికి అక్క వంటింట్లో ఉంది. అమ్మ గోడకు ఆనుకుని మంచం మీద కూర్చునుంది, ఎముకలూ చర్మమూ తప్ప ఏమీ లేదు.

"పేపర్లో నీ బొమ్మ వచ్చింది కదా" అంది తిప్పమ్మ. "పక్కింటోళ్ళు చదివి చెప్పినారు. పన్ను చూసి, చిన్నప్పుడు ఏం తిన్నది, ఏమైంది అంతా చెప్తారంట కదా?"

"ఊఁ. అట్లాంటిదే."

ముసలామె వంటింటి వైపు చూసింది. గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. గొంతు తగ్గించింది.

"పెద్దదాని పన్ను చూసినావా?"

"లేదమ్మా" అంది చౌడేశ్వరి.

"చూడొద్దు."

అమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళలో ఇంకా అంత బలం ఉందని చౌడేశ్వరి అనుకోలేదు.

"ఆ కరువులో ఒకపొద్దు దానికి తలకు నూనె పెడతా ఉంటి. చెయ్యి ఎత్తింది. మోచేతి మడతలో నల్లగా, వరసగా సూది గుర్తులు. ఒకటి కాదు. నేను ఆస్పత్రి నర్సమ్మ ఇంట్లో పాచిపని చేసినదాన్నే, నాకు తెలీదా అవేందో? ఏందే ఇది అని అడగబోతి. నోటి దాకా వచ్చింది." ఆమె ఊపిరి తీసుకుంది. "నువ్వు పక్కనే నేలమీద పండుకోనుంటివి. కడుపు వీపుకు అంటుకోనుండింది. ఏడ్చేదానికి కూడా శక్తి ల్యా నీకు."

"అమ్మా, ఇంక వద్దులే..."

"విను. అడిగితే అది దాచేది కాదు నాకాడ. మానుకోవే అంటే మానుకునేది, నా మాట ఎప్పుడూ కాదనలా అది. ఆ సంగతి నాకు తెలుసు." తిప్పమ్మ కళ్ళలో నీళ్ళు లేవు. ఎప్పుడో అయిపోయినట్టున్నాయి. "అందుకే అడగలా."

మగ్గం గుంట ఎప్పుడో పూడ్చేసిన చోట నేల కొంచెం పల్లంగా ఉంది. చౌడేశ్వరి ఆ నేలవైపే చూస్తూ కూర్చుంది.

"మీ నాయన కొట్టేటప్పుడు నేను వాకిట్లోనే ఉన్నా. బియ్యం చెరుగుతా ఉన్నా. ఆ బియ్యమే. నాకు తెలుసని దానికి చెప్పొద్దు చిన్నమ్మీ. నాకు తెలీదు అనే నమ్మకం మీద బతికిందది. ఆ ఒక్కటన్నా ఉండనీ."

ఆలూరులో అక్క వేయించుకున్న ఒట్టు చౌడేశ్వరికి గుర్తొచ్చింది. ఈ ఇద్దరి మధ్యా తను నోరు విప్పితే ఎవరికి మేలో, ఎవరికి కీడో చెప్పే యంత్రం ఏదీ లేదు.

వంటింటి తలుపు తోసుకుని రుద్రమ్మ వచ్చింది. చేతిలో కంచం, వేడివేడి అన్నం, పప్పు. కొంగుతో నుదురు తుడుచుకుని మంచం అంచున కూర్చుంది.

"ఏం మాట్లాడుకుంటా ఉన్నారు తల్లీబిడ్డలు?"

"ఏం ల్యా" అంది తిప్పమ్మ.

"ఏం లేదక్కా" అంది చౌడేశ్వరి.

రుద్రమ్మ ఇద్దరినీ ఒకసారి చూసింది. ఇంకేమీ అడగలేదు. అన్నంలో పప్పు కలిపి, చల్లారేదాకా ఊది, చిన్న ముద్ద చేసి తల్లి నోటి దగ్గర పెట్టింది.

తిప్పమ్మ కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.